దుంపల పండితులకు పెద్ద యెవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభలో ఏదైన ఒక విషయముపై మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, భారతమునుండి ఏదో యొక ఘట్టమును చెప్పుదునని వారు తలచియుందురు. నేను కోరుకొన్న విషయమును విని కార్యదర్శిగారు రెండవమారు అడిగిరి. బంగాళాదుంపను గూర్చి పరిశోధన చేయు శాస్త్రజ్ఞులు ఒక సంఘముగా నేర్పడి, ఆ సంఘమునకు నాయకుని ఎన్నుకొనునప్పుడు అభ్యర్థులలో ఏ గుణమును చూడవలెననునది నా విషయము. దుంపకు సంఘమేమి, దానికి ఎన్నికలేమి యని నవ్వు వచ్చుట సహజము. ఒకచోట బంగాళాదుంప యనియు, ఒకచోట ఉర్లగడ్డ యనియు, ఇంకొకచోట ఆలుగడ్డ యనియు మనవారు పిలుచుకొను ఈ పంట మన దేశమున పుట్టినది కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. అయినను నేడు మనుష్యులు తిను పంటలలో వరి, గోధుమల తరువాతి స్థానము దీనిదే. దీని మంచిచెడ్డలు తెలిసినవారికి పెద్దగా నెవరుండవలెనను ప్రశ్నమీద లక్షలమంది ప్రాణములు ఆధారపడిన సందర్భములు చరిత్రలో నున్నవి. కనుక కొంచెము ఓపికతో వినుడని ప్రార్థన.

అమెరికాలో ఇట్టి సంఘము 1913లో ఏర్పడినది. పొటాటో అసోసియేషన్ ఆఫ్ అమెరికా యని దాని పేరు. అమెరికా, కెనడా దేశములవారు అందులో ముఖ్యముగా నున్నారు. ఇతర దేశములవారును సభ్యులుగా చేరుదురు. ప్రతి సంవత్సరము ఒక్కొక్క యూరిలో సభ చేయుదురు. అమెరికన్ పొటాటో జర్నల్ అను పత్రికను చాలకాలము నడపిరి. ఇప్పుడది అమెరికన్ జర్నల్ ఆఫ్ పొటాటో రీసర్చ్ అను పేరుతో వచ్చుచున్నది. ఈ పత్రికను జ్ఞాపకమునం దుంచుకొనుడు, మరల దాని దగ్గరకు రావలసియున్నది.

ఆ సంఘమువారి యెన్నికలో నన్ను ఆకర్షించిన ఏర్పాటొకటి కలదు. వారు నేరుగా అధ్యక్షుని ఎన్నుకొనరు. ఉపాధ్యక్షుని ఎన్నుకొందురు. అతడు మరుసటి యేట కాబోవు అధ్యక్షుడను స్థానమునకు, ఆ పైయేట అధ్యక్ష పీఠమునకు వచ్చును. పీఠము దిగిన తరువాత ఇంకొక సంవత్సరము మాజీ అధ్యక్షుడుగా కార్యవర్గమునందే కూర్చుండును. అనగా నేడు వోటు వేయువాడు రెండేండ్ల తరువాతి అధ్యక్షుని ఎన్నుకొనుచున్నాడన్నమాట. అభ్యర్థి యొక్క చదువు, చేసిన పని, చేయదలచిన పని సభ్యుల కందరకు ముందుగా తెలియజేయబడును. పీఠము ఎక్కినవానికి పని నేర్చుకొనుటకే యేడాది సరిపోవునను బాధ వారికి లేదు. ఐరోపావారి పద్ధతి వేరు. వారి సంఘము 1957లో ఏర్పడినది. మూడేండ్ల కొకమారు మహాసభ చేయుదురు. తరువాతి మహాసభకు ఆతిథ్యమిచ్చు దేశమునుండియే అధ్యక్షుని తీసికొనుట వారి ఆచారము. పెండ్లివారింటి పెద్దయే ఆ పెండ్లికి పెద్ద యైనట్లు. నాకు అమెరికావారి పద్ధతియే నచ్చినది.

ఇంతకును అభ్యర్థులుగా నిలుచువా రెవరు? ఆ సంఘమునందు వంగడములను సృష్టించువారు, తెగుళ్లను పరిశోధించువారు, మొక్క యొక్క జీవక్రియ తెలిసినవారు, సేద్య విధానము తెలిసినవారు, విత్తనములను పరీక్షించి ధ్రువీకరించువారు, రైతులకు బోధించు విస్తరణాధికారులు, దుంపల వినియోగమును విక్రయమును చూచువారు — ఇట్లు పలు శాఖలవారు కలరు. ఎవరి విద్య వారికి గొప్ప.

ఇది చూచినప్పుడు నాకు నన్నయగారి సభాపర్వము తలపునకు వచ్చినది. రాజసూయ యాగమున అగ్రపూజ యెవరికి చేయవలెనని ధర్మరాజు అడిగెను. శ్రీకృష్ణునకని భీష్ముడు చెప్పెను. అప్పుడు శిశుపాలుడు లేచి, వయస్సును బట్టియైనచో వసుదేవుడున్నాడు గదా, ఆచార్యత్వమును బట్టియైనచో ద్రోణుడున్నాడు గదా, ఋత్విజుడన్నచో వ్యాసుడు, హితుడన్నచో ద్రుపదుడు ఉండగా ఏ యోగ్యతను బట్టి యితనిని పూజింతురని వాదించెను. శిశుపాలుని దూషణలను మనమందరము నిందింతుము, నేనును నిందింతును. కాని ఆ దూషణలను తీసివేసి చూచినచో, ఏ యోగ్యతను బట్టి యను ఆ ప్రశ్నమాత్రము తప్పు కాదు. ప్రతి సభలోను అడుగవలసిన ప్రశ్నయే. దుంపల పండితుల సభలో ఆ ప్రశ్నకు సమాధానమేమి? వయస్సా, వంగడముల సంఖ్యయా, అచ్చయిన వ్యాసముల సంఖ్యయా?

సమాధానమునకై నేను మూడు కథలను చెప్పుదును. మొదటిది ఐర్లండుది.

1845లో ఐర్లండునందు బంగాళాదుంప చేలు నల్లబడి కుళ్లిపోయినవి. అచటి బీదలకు దుంప తప్ప వేరు తిండి లేదు. చేలలో అధికభాగము లంపర్ అను ఒకే రకము. దుంపను ముక్కలుగా నాటి పెంచు పంట కనుక, ఒక రకపు మొక్కలన్నియు ఒకే మొక్క వంటివి. ఒకదానికి తగిలిన తెగులు అన్నిటికిని తగులును. అంటుకట్టిన బంగినపల్లి మామిళ్లన్నియు ఒకే చెట్టు వంటివని మన తోటవారు ఎరుగుదురు గదా! ఆ కరవులో నించుమించు పది లక్షలమంది మరణించిరి. ఇంకొక పది లక్షలమంది దేశము విడిచిపోయిరి.

ఆ 1845లోనే బ్రిటిష్ ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ విచారణకై ముగ్గురు పండితులను నియమించెను: వృక్షశాస్త్రమున జాన్ లిండ్లే, రసాయనశాస్త్రమున లియాన్ ప్లేఫేర్, ఐర్లండువాడైన మరియొక రసాయనవేత్త రాబర్ట్ కేన్. ముగ్గురును విద్వాంసులే, నిజాయితీ కలవారే. దుంపలను ఆరబెట్టుడని, గాలి తగులునట్లు నిలువచేయుడని, చెడినవాటినుండి పిండి తీయుడని వారు చెప్పిరి. రోగకారణ మేమో వారికి చిక్కలేదు. విపరీతమైన తేమను మొక్క త్రాగి కుళ్లినదని లిండ్లే అభిప్రాయము. మైల్స్ బర్క్‌లీ అను గ్రామ చర్చి ఫాదరీ ఒకడు బూజుల శాస్త్రమున నిపుణుడు. కుళ్లు వలన బూజు పట్టుట కాదు, బూజు వలననే కుళ్లు వచ్చుచున్నదని అతడు వాదించెను. ఆ ముగ్గురిలో అతడు లేడు. అతని మాట నిజమని జర్మనీకి చెందిన ఆంటన్ డి బరీ ప్రయోగ పూర్వకముగా నిరూపించునప్పటికి 1860 దాటినది. ఆ ఆకుమాడు తెగులుకు మందుగా మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డో మిశ్రమము 1880 తరువాతగాని రాలేదు.

అయినను లిండ్లేను నేను తక్కువగా చూడను. కారణమేమన, బర్క్‌లీ వ్రాసిన ఆ వ్యాసము 1846లో లండను ఉద్యానసంఘపు పత్రికలో అచ్చయినది. ఆ సంఘమునకు అప్పటి ఉపకార్యదర్శి ఎవరనుకొన్నారు? లిండ్లేయే. తన అభిప్రాయమునకు విరుద్ధమైన వ్యాసము తాను పదవిలో నున్న సంఘపు పత్రికలోనే వెలువడినది. అతడు పొరబడెను, కాని అతని పొరపాటును దిద్దగల కాగితము అతడున్న చోటనే భద్రముగా నిలిచినది. డి బరీ తరమువారికి అది దొరకినది.

రెండవ కథ రష్యాది, దీనికి విరుద్ధమైనది. నికొలాయ్ వావిలోవ్ అను మహాశాస్త్రజ్ఞుడు ప్రపంచమంతటను తిరిగియు, తనవారిని పంపియు పంటల విత్తనములను సేకరించెను. ఆండీస్ కొండలలోని దుంపలను గూడ ఆయన శిష్యులు తెచ్చిరి. సోవియట్ దేశపు వ్యవసాయ శాస్త్ర అకాడమీకి ఆయన 1929 నుండి 1935 వరకు అధ్యక్షుడు. 1938లో ఆ పీఠమునకు లైసెంకో వచ్చెను. ఇతడు తోటి శాస్త్రజ్ఞుల మెప్పు వలన గాక ప్రభువుల మెప్పు వలన ఎదిగినవాడు. అచటి దక్షిణ ప్రాంతములలో విత్తన దుంప యేటేట క్షీణించుచుండెను. దానికి వేడిమియే కారణమనియు, వేసవి నడుమ నాటినచో దుంప జాతియే బాగుపడుననియు అతడు బోధించెను. క్షీణతకు మూలము వైరసు తెగుళ్లని వేరుచోట్ల అప్పటికే తెలిసియుండెను. ఆ మాట నచట గట్టిగా చెప్పువాడు లేకపోయెను. వావిలోవ్ 1940లో బందీ యయ్యెను. 1943 జనవరిలో సరాతోవ్ చెరసాలలో మరణించెను. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆయన సంస్థవారు కొందరు ఆకలితో చనిపోయిరి గాని, తమ చేతిలోని విత్తనములను దుంపలను తినలేదు. దీనిని చదివిన నాడు నాకు అన్నము సహింపలేదు.

అదే క్షీణత మన దేశమునందును ఉండినది. వైరసును ఒక మొక్కనుండి మరియొక మొక్కకు మోయునది పేనుబంక. దుంపలోనికి వైరసు దిగినచో ఆ దుంపను నాటిన మరుసటి పంట అంతయు రోగిష్ఠి. అందుచేత మంచి విత్తనము కొండ ప్రాంతములలోనే పండునని చిరకాలము నమ్మిరి. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో స్థాపితమై, 1956లో సిమ్లాకు మారినది. అచటి పుష్కర్‌నాథ్‌గారు, వారి సహచరులు ఉత్తరదేశపు మైదానములలో పేనుబంకను లెక్కించిరి. శీతకాలపు తొలిభాగమున అది మిక్కిలి తక్కువగా నుండునని కనుగొనిరి. ఆరోగ్యకరమైన దుంపను అక్టోబరులో నాటి, పేనుబంక నూరాకులకు ఇరువది దాటకముందే మొక్కల పైభాగమును కోసివేసినచో విత్తనము శుద్ధముగా నుండును. 1960 ప్రాంతమున ఈ పద్ధతి స్థిరపడినది. జహీరాబాదు ప్రాంతపు రైతులు నేడు ఉత్తరదేశమునుండి తెప్పించుకొను విత్తన దుంపల వెనుక ఈ లెక్క యున్నది. పురుగును లెక్కించిన వాని మాట నిలిచినది. సిద్ధాంతమును శాసించినవాని మాట నిలువలేదు. మన దేశపు బంగాళాదుంప శాస్త్రజ్ఞులును 1974లో ఒక సంఘముగా నేర్పడి, పత్రిక నడుపుచున్నారు.

ఇక మూడవ కథ. నేను ఈ విషయమును ఎత్తుకొనుటకు అసలు కారణమిదియే.

1967లో అమెరికాలో లెనాపే అను క్రొత్త వంగడము విడుదలైనది. దుంపలో నీరు తక్కువ, పిండి యెక్కువ. వేయించినచో చిప్స్ లేత రంగున చక్కగా వచ్చును. ఒక వంగడమును సృష్టించుట యనగా సామాన్యము కాదు. దుంప కాయలోని గింజను నాటినచో తల్లిని పోలిన మొక్క రాదు. వేలకొలది మొలకలను పెంచి, ఏరి, పారవేసి, పది పండ్రెండేండ్లకు ఒక్కటి నిలుచును. కనుక లెనాపేను సృష్టించినవారి సంతోషము ఊహింపదగినదే. 1968లో వారు దాని గుణములను వర్ణించుచు వ్యాసము ప్రకటించిరి. ఎందులో? ముందు చెప్పిన అమెరికన్ పొటాటో జర్నల్‌లో.

ఎండ తగిలి పచ్చబడిన దుంప చేదుగా నుండునని మన ఆడువారందరు ఎరుగుదురు. దానిని కోసి పారవేయుదురు. ఆ దుంపలో సోలనిన్ మొదలగు విషపదార్థములు పెరుగుటయే దానికి కారణము. ఇవి ప్రతి దుంపలోను స్వల్పముగా నుండును. నూరు గ్రాములకు ఇరువది మిల్లీగ్రాములు మించరాదని హద్దు. లెనాపే వంశములో దక్షిణ అమెరికా అడవి దుంప యొకటి కలదు. ఆ వంశగుణము వలన, ఎండ తగులకయే లెనాపేలో ఈ విషములు హద్దు దాటినవని కెనడాలోని గ్వెల్ఫ్ నగరపు శాస్త్రజ్ఞు లిద్దరు కనుగొనిరి. 1970లో దానిని ప్రకటించిరి. ఎందులో? ఆ అమెరికన్ పొటాటో జర్నల్‌లోనే. ఆ సంవత్సరమే లెనాపేను రైతుల చేతినుండి ఉపసంహరించిరి.

రెండేండ్ల క్రిందట ప్రశంస అచ్చయిన పత్రికలోనే దోషమును అచ్చయినది. ఎవరును కాగితమును చింపలేదు. అది తెలిసిన పిమ్మట క్రొత్త వంగడములను విడుదల చేయుటకు ముందు ఈ విషములను కొలుచుట అచట అలవాటైనది. ఇంకొక విశేషము: లెనాపేను నిర్మూలింపలేదు. దాని దోషమెంతో తెలిసినది కనుక, దానిని తల్లిదండ్రులలో ఒకటిగా వాడి, జాగ్రత్తగా నేరి, 1976లో అట్లాంటిక్ అను వంగడమును విడుదల చేసిరి. అది చిప్స్‌కు పేరు పొందినది. దోషమును దాచియుండినచో ఈ బిడ్డ పుట్టియుండునా?

నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. మా వృత్తిలో ఒక నియమము కలదు. పద్దు తప్పు పడినచో బ్లేడుతో గీకరాదు. దానిమీద మరియొక కాగితము అంటించరాదు. తప్పు అంకె కనబడునట్లే దానిమీద ఒక గీత గీసి, పైన సరియైన అంకె వేసి, ప్రక్కన తేదీతో సంతకము చేయవలెను. గీకిన పుటను ఏ తనిఖీదారుడును నమ్మడు; కొట్టివేత లున్న పుటను నమ్మును. ఆ పత్రికలోని 1968, 1970 సంవత్సరముల వ్యాసములు రెండును కలిసి నా కంటికి అట్టి కొట్టివేత వలె కనబడినవి.

కనుక ఆ సంఘమునందు నాకు వోటున్నచో అభ్యర్థిని ఏమడుగుదును? నీవు సృష్టించిన వంగడము లెన్ని యని అడుగను; అవి కాగితములోనే యుండును. నీవు పారవేసిన దానిని గూర్చి చెప్పుము, నీవు ప్రకటించి తరువాత తప్పని ఒప్పుకొన్న దేమున్నదో చెప్పుము అని అడుగుదును. ఏమియు లేదన్నవానికి వోటు వేయను. ఇరువదేండ్లు దుంపలతో మెలగి ఒక్క తప్పును చేయనివాడు లేడు. ఉన్నది, కాని దాచెనన్నమాట. మరియు నా మనస్సు కొంచెము విత్తన పరీక్షకుని వైపు మొగ్గును. ఇది నా పక్షపాతమే కావచ్చును. చేలవెంబడి నడచి, రోగిష్ఠి మొక్కలను లెక్కించి, ఈ చేని దుంప విత్తనమునకు పనికిరాదని రైతు మొగము మీదనే చెప్పుట అతని నిత్యకృత్యము. కాదని చెప్పుట అలవాటైనవానికి తనను ఇతరులు కాదన్నప్పుడు వినుటయు కొంత అలవడియుండును. వంగడముల సృష్టికర్తకు అతని బిడ్డ అతనికి ముద్దు.

ఇట్లని అన్నియు ఆ దేశమువారి నెత్తిన వేసి కూర్చుండుట న్యాయము కాదు. మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. ప్రతిమారు కార్యవర్గము ఏకగ్రీవముగా నేర్పడుచున్నది. అది మన ఐకమత్యమని సంతోషించుచున్నాము. ఏకగ్రీవమనగా ఒకే కంఠమని అర్థము. మిగిలిన కంఠములు ఏమైనవో నేను ఇన్నాళ్లు ఆలోచింపలేదు. వచ్చు సర్వసభ్య సమావేశమునకు ముందు, పదవి కోరువారు ఒక్కొక్కరు ఒక పుట వ్రాసి పఠన మందిరపు గోడకు తగిలింపవలెనని ప్రతిపాదించుచున్నాను. ఏ పుస్తకములు కొనదలచినది, ఏమి చేయలేకపోయినది అందులో నుండవలెను.

నా పుటను నేనిప్పుడే చదువుదును. పదునాలుగేండ్లుగా నేను ఈ గ్రంథాలయమునకు కోశాధికారిని. ఏడేండ్ల క్రిందటి వార్షిక నివేదికలో దినపత్రికల చందా పద్దు, 2,460 రూపాయలు, రెండుచోట్ల ఖర్చు వ్రాసితిని. అప్పుడు కళాశాలలో చదువుచుండిన పాఠకు డొకడు నివేదికను తెచ్చి, వ్రేలు పెట్టి చూపెను. పదిమంది యెదుట చూపెనను కోపముతో, "లెక్కలు నీవు నాకు నేర్పవలెనా?" అంటిని. రాత్రి కూర్చుండి చూడగా అతడు చెప్పినదే నిజము. డబ్బు ఎచటికిని పోలేదు, బ్యాంకులోనే యున్నది. మరుసటి యేట దానిని ఇతర ఆదాయము అను పద్దు క్రింద కలిపి సరిపుచ్చితిని. తప్పు పడినదని మాత్రము ఎచటను వ్రాయలేదు, అతనితోను చెప్పలేదు. గీకుట కంటె నది ఏమంత మేలు? ఆ బాలుడు తరువాత ఇచటికి వచ్చుట మానివేసెను. అతని సభ్యత్వపు చీటీ ఇప్పటికిని పెట్టెలోనే యున్నది.

ఆ సవరణను ఈ సంచికలో ఆదాయ వ్యయముల పుట క్రింద, నా సంతకముతో అచ్చువేయుడని సంపాదకులను కోరితిని, వారు అంగీకరించిరి. ఈమారు కోశాధికారి పదవికి నా పేరును ఎవరును ప్రతిపాదింపవలదు. ఆ యువకుడు ఇప్పుడు మన మండల కేంద్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఈ సభలో నున్నాడో లేదో, దీపపు వెలుతురు కంట పడుచుండుటచేత ఇచటినుండి నాకు కనబడుట లేదు. అతడు సమ్మతించినచో అతని పేరును నేనే ప్రతిపాదింతును. ఒక సంవత్సరము అతని ప్రక్కన కూర్చుండి పుస్తకములను ఒక్కొక్కటిగా అప్పగింతును. ఏడేండ్ల క్రిందటి పుస్తకముతో మొదలు పెట్టుదుము.